ఆ ఎర్రగీత ఎవరిది?

రోడ్డు మీద ఈ నిమిషంలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే ఒకప్పుడు తారు కోయాలి, తీగలు పూడ్చాలి, లక్షలు పోయాలి. ఇప్పుడు జేబులో ఫోనూ కిటికీలో చిన్న కెమెరా చాలు. ఇంత చవకైన విద్య మన ఊళ్లదాకా ఎందుకు రావట్లేదు? వస్తే ఎవరి చేతిలో ఉండాలి?

రోడ్డు పక్కన చెట్టు నీడలో ఓ ప్లాస్టిక్ కుర్చీ. అందులో ఓ కుర్రాడు, ఒళ్లో అట్ట, అట్టకి క్లిప్పుతో బిగించిన కాగితం. లారీ వెళ్తే ఒక గడిలో గీత, ఆటో వెళ్తే ఇంకో గడిలో గీత. నాలుగు నిలువు గీతలయ్యాక అయిదోది వాటి మీదుగా అడ్డంగా. రహదారుల మీద తిరిగేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ దృశ్యం చూసే ఉంటారు. దీని పేరు ట్రాఫిక్ సెన్సస్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972లో పెట్టిన నియమం ప్రకారం ఊళ్ల బయటి రోడ్ల మీద ఏడాదికి కనీసం రెండుసార్లు, ఒక్కోసారి వరసగా 7 రోజులపాటు, రాత్రీ పగలూ ఇలా లెక్క రాయాలి.

ఆ గీతలన్నిటినీ తర్వాత ఒకే కొలతలోకి తెస్తారు. కారు 1 అనుకుంటే స్కూటరు అర, లారీ గానీ బస్సు గానీ 3. గ్రామీణ రహదారుల కోసం 1990లో ఇచ్చిన పట్టికలో ఎడ్లబండి విలువ 8. బండి ఆక్రమించే చోటు చూసి వేసిన అంకె కాదది, దాని వెనక నెమ్మదించాల్సి వచ్చేవాళ్లందరినీ కలుపుకుని వేసింది. మన రోడ్డుని మన కళ్లతో చూసి రాసిన పట్టిక అని చదివిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది.

రోడ్డు ఎంత మందాన వేయాలి, రెండు వరసలు చాలా, నాలుగు కావాలా అన్నది తేల్చింది దశాబ్దాలపాటు ఈ గీతలే. కాబట్టి ఆ కుర్రాడి పనిని చిన్నచూపు చూడడానికి లేదు. కానీ అతని కాగితం ఏడాదిలో 14 రోజుల సంగతే చెబుతుంది. మిగతా 351 రోజులూ ఊహే. సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్ల గురించి గానీ, వానకి మునిగిన అండర్‌పాస్ గురించి గానీ ఆ కాగితం ఆ క్షణాన చెప్పలేదు. ‘ఇప్పుడు’ ఏం జరుగుతోందో తెలుసుకోవడం వేరే విద్య. దాని ఖర్చు కూడా వేరే.

హారన్ కొడితే పచ్చలైటు

1928లో అమెరికాలోని బాల్టిమోర్‌లో చార్లెస్ ఆడ్లర్ అనే ఇంజినీరు ఒక కూడలిలో మైక్రోఫోన్ బిగించాడు. చిన్న రోడ్డులోంచి వచ్చిన డ్రైవరు ఆగి హారన్ కొడితే ఆ శబ్దానికి సిగ్నల్ మారేది. బండి వచ్చిందని గుర్తించి తనంతట తాను మారిన తొలి సిగ్నళ్లలో అదొకటి. ఆ రోజుల్లోనే చక్రం బరువు పడితే పనిచేసే పలకలూ వచ్చాయి. 1960లకి వచ్చేసరికి అసలైన పరికరం స్థిరపడింది. రోడ్డుని రంపంతో చతురస్రంగా కోసి, ఆ గాడిలో తీగ చుట్టలు చుట్టి, పైన సీలు చేస్తారు. తీగలో కరెంటు తిరుగుతూ ఉంటుంది. పైనుంచి బండి వెళ్లగానే దాని లోహం వల్ల తీగచుట్ట విద్యుత్ లక్షణం కాస్త మారుతుంది. పక్కనున్న పెట్టె ఆ మార్పుని పట్టుకుని ‘ఒకటి’ అని రాసుకుంటుంది.

తీగ ఖరీదు పెద్ద లెక్కలోది కాదు. డబ్బంతా దాని చుట్టూ చేసే పనిలో పోతుంది. రాత్రిపూట రోడ్డు మూయాలి, మనుషుల్ని నిలబెట్టాలి, తారు కోయాలి, పెట్టెదాకా కేబుల్ లాగాలి, కరెంటు ఇవ్వాలి. రెండేళ్లకో మూడేళ్లకో రోడ్డు మీద కొత్త పొర వేసేటప్పుడు పాత పొరతో పాటే తీగా లేచిపోతుంది. మళ్లీ మొదటికి. మంచినీళ్ల పైపు కోసం ఒక శాఖ, కేబుల్ కోసం ఇంకో శాఖ తవ్వుకుంటూ పోయే మన ఊళ్లలో ఆ తీగ ఎన్నాళ్లు బతుకుతుందో ఎవరికైనా తెలుసు.

ఈ పద్ధతిని చాలా విస్తారంగా చేసింది కాలిఫోర్నియా. ఆ రాష్ట్ర ఫ్రీవేల మీద దాదాపు 40 వేల డిటెక్టర్లున్నాయి. అవి చెప్పేదంతా ఒకచోట చేర్చి, అందరికీ కనిపించేలా పెట్టిన ‘పెమ్స్’ అనే వ్యవస్థ వెనక ఉన్న ముఖ్యుడు బొంబాయిలో పుట్టి బర్క్లీలో ప్రొఫెసరైన ప్రవీణ్ వరయ్య. అంకెలన్నీ ఒకచోటికి వచ్చాకే అసలు సంగతి బయటపడింది. పూడ్చిన తీగల్లో గణనీయమైన భాగం ఏ రోజు చూసినా పనిచేయట్లేదు. పెట్టడానికి ఒక ఖర్చు, బతికించుకోవడానికి అంతకు మించిన ఖర్చు. తీగకి బదులు వైర్లెస్‌గా పనిచేసే చిన్న అయస్కాంత సెన్సర్లని రోడ్డులో పాతే ప్రయత్నంలోనూ వరయ్య పాలుపంచుకున్నారు. 2022లో మరణించిన ఆయన పనిని నేను ఇలా అర్థం చేసుకుంటాను: ముందు కొలవండి, ఆ తర్వాతే కొత్త రోడ్డు గురించి మాట్లాడండి అని.

తీగచుట్టకి మన దగ్గర ఇంకో చిక్కుంది. ఒక వరసలో ఒకే బండి పోతుందన్న నమ్మకం మీద కట్టిన పరికరం అది. బస్సు పక్కన ఆటో, ఆటో సందులో బైకు, ఆ వెనకాల తోపుడుబండి ఉన్నచోట అది అయోమయంలో పడుతుంది. ఐఐటీ మద్రాస్ వాళ్లు చిన్నచిన్న చుట్టల్ని పక్కపక్కనే పేర్చి, బస్సునీ బైకునీ వేరుగా గుర్తించే ఏర్పాటు చేశారు. మంచి పరిశోధనే. అయినా తారు కోయక తప్పదు.

ఆ ఎనిమిది గంటలు

2008 ఫిబ్రవరి 8. కాలిఫోర్నియాలో హేవర్డ్, ఫ్రీమాంట్ ఊళ్ల మధ్య ఉన్న ఐ-880 ఫ్రీవే. బర్క్లీ విశ్వవిద్యాలయం విద్యార్థులు 100 కార్లలో, ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా, ఆ కొద్ది మైళ్ల రోడ్డు మీద పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నారు. ఒక్కో కారులో ఒక నోకియా ఎన్95 ఫోన్, అందులో జీపీఎస్. అలెగ్జాండర్ బేయన్ అనే యువ ప్రొఫెసరు నడిపిన ఈ ప్రయోగానికి ‘మొబైల్ సెంచరీ’ అని పేరు. నోకియా కంపెనీ, ఆ రాష్ట్ర రవాణా శాఖ కూడా ఇందులో ఉన్నాయి.

ఆ రోడ్డు మీద ఆ రోజు వెళ్లిన బళ్లలో ఈ కార్లు నూటికి రెండు నుంచి అయిదు. అంత కొద్దిమంది చెప్పింది విని మొత్తం రోడ్డు పరిస్థితి గీయగలమా అన్నదే ప్రశ్న. ఆ ఉదయమే అదే రోడ్డు మీద అయిదు కార్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. వెనక పేరుకున్న బారు ఎక్కడ మొదలైందో, ఎంత వేగంగా పెరుగుతోందో ఫోన్ల నుంచి వచ్చిన వేగాలతోనే తెర మీద కనిపించింది. భూమిలో పూడ్చిన తీగలు చెప్పినదానితో పోల్చి చూస్తే సరిపోయింది. నూటికి రెండు మూడు ఫోన్లు చాలన్నమాట! రోడ్డు మూయనక్కర్లేదు, రంపం అక్కర్లేదు, కొత్త పొర వేస్తారన్న భయం లేదు. ఫోను ఎవరిదో వాళ్లే కొనుక్కున్నారు, ఎవరిదో వాళ్లే చార్జింగ్ పెట్టుకుంటారు.

ఆ ప్రయోగంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వేరే ఉంది. ఫోన్లు తామెక్కడున్నాయో అడుగడుగునా చెప్పే ఏర్పాటు కాదది. మ్యాప్ మీద కొన్ని ఊహారేఖలు గీశారు. ఆ గీత దాటినప్పుడు మాత్రమే ఫోను తన వేగం చెబుతుంది. గీతలు రోడ్డు మీదే ఉంటాయి తప్ప ఎవరి ఇంటి ముందూ ఉండవు. ఎవరు బయల్దేరారు, ఎక్కడికి చేరారు అన్నది పరిశోధకుల చేతికి రాకుండా మొదట్లోనే కట్టడి చేసుకున్నారు. రోడ్డు గురించి తెలుసుకోవడానికి మనిషి గురించి తెలుసుకోనక్కర్లేదని నిరూపించిన పని అది. తర్వాత వచ్చిన ఏ వ్యవస్థనైనా నేను ఈ కొలబద్దతోనే చూస్తాను.

పొవాయ్‌లో హారన్లు

అదే 2008లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రిసెర్చ్ బృందం ఒకటి మన రోడ్ల కోసం ఆలోచించింది. ప్రశాంత్ మోహన్, వెంకట పద్మనాభన్, రామచంద్రన్ రాంజీ కలిసి చేసిన ‘నెరిసెల్’ అనే ఆ పనిలో జీపీఎస్ ఒక్కటే ఆధారం కాదు. అప్పట్లో జీపీఎస్ పెడితే బ్యాటరీ త్వరగా అయిపోయేది. అందుకని ఫోన్‌లోని కుదుపుల్ని కొలిచే సెన్సర్‌నీ మైక్‌నీ వాడుకున్నారు. గతుకుల్లో పడితే ఒక రకం కుదుపు, బ్రేకు తొక్కితే మరో రకం. మైకులో హారన్ల మోత ఎక్కువైతే అది రద్దీ కూడలి. ఫోను జేబులో తలకిందులుగా ఉన్నా ఏది పైకి, ఏది ముందుకి అన్నది లెక్కగట్టి సరిచేసుకునే పద్ధతి కూడా వాళ్లు కనిపెట్టారు. మొబైల్ సెంచరీ బండి వేగంతోనే ఆగిపోతే, వీళ్లు మన రోడ్డు మీది గుంటల్నీ చప్పుళ్లనీ కూడా సమాచారంగా మార్చుకున్నారు.

రెండేళ్ల తర్వాత, 2010లో, ముంబయి పొవాయ్‌లోని ఐఐటీ బాంబే వాళ్లు ఇంకాస్త ముందుకెళ్లారు. రిజురేఖా సేన్, భాస్కరన్ రామన్ బృందం చేసిన పని పేరే ‘హార్న్ ఓకే ప్లీజ్’. లారీల వెనక రాతలు చదివే అలవాటున్న ఎవరికైనా ఆ పేరు చూడగానే నవ్వొస్తుంది. పని మాత్రం గంభీరమైనది. రోడ్డు పక్కన కొంత ఎడంలో రెండు మైకులు పెడతారు. బండి మొదటి మైకుని దాటి, రెండో మైకు వైపు వస్తూ హారన్ కొట్టిందనుకుందాం. ముందున్న మైకుకి ఆ మోత కాస్త పై శ్రుతిలో, వెనకున్న మైకుకి కాస్త కింది శ్రుతిలో వినిపిస్తుంది. డాప్లర్ ప్రభావం అని పదో తరగతి దాటినవాళ్లు చదువుకున్నదే. ఈ రెండు శ్రుతుల తేడా నుంచి బండి వేగం తేలుతుంది. హారన్ అసలు శ్రుతి ఏదో తెలియనక్కర్లేదు.

ఎంత తేడా ఉంటుందో లెక్కేసి చూద్దాం. గంటకి 36 కిలోమీటర్లంటే సెకనుకి 10 మీటర్లు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. అప్పుడు రెండు శ్రుతుల నిష్పత్తి 350కి 330, అంటే నూటికి ఆరు తేడా. సంగీతం తెలిసినవాళ్లు దీన్ని చెవితోనే పట్టగలరు. సుమారుగా షడ్జమానికీ శుద్ధ రిషభానికీ మధ్య ఉండేంత. మనం విసుక్కునే ఆ మోతలో బండి వేగం దాగి ఉందని గుర్తించి, చవక మైకులతో దాన్ని బయటికి తీశారు. వరసల్లేని రోడ్డుకి సరిపోయే ఉపాయం, తారు మీద చెయ్యి వేయని ఉపాయం.

2012లో ఇదే బృందం ‘క్యోం క్యూ’ అని ఇంకోటి చేసింది. రోడ్డుకి ఒక పక్క చిన్న రేడియో పంపేది, అవతలి పక్క అందుకునేది. మధ్యలో బళ్లు ఆగిపోయి నిండితే సిగ్నల్ బలం తగ్గిపోతుంది. బళ్లు సాఫీగా కదులుతుంటే నిలకడగా బాగానే అందుతుంది. ఆ తేడాని బట్టి బారు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పొచ్చు. కెమెరా లేదు, ఎవరి ముఖమూ పడదు, చీకట్లోనూ పనిచేస్తుంది.

ఇలాంటివి మన దగ్గరే పుట్టి, అంతర్జాతీయ వేదికల మీద మెప్పు పొంది, మన కూడళ్లదాకా రాకుండా ఉండిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. లోపం పరిశోధకులది కాదు. పరికరం ఎంత చవకైనా దాన్ని ఎవరు కొంటారు, ఎవరు బాగుచేస్తారు, అది చెప్పింది ఎవరు వింటారు అన్నవాటికి జవాబు ఉండాలి. ఈలోగా ఇవేవీ అడగనక్కర్లేని దారి ఒకటి వచ్చేసింది.

తోపుడుబండిలో 99 ఫోన్లు

గూగుల్ మ్యాప్స్‌లో ట్రాఫిక్ రంగులు మొదట 2007లో అమెరికా నగరాల్లో కనిపించాయి. 2009 నుంచి జనం ఫోన్ల కదలికల ఆధారంగా అవి చిన్న రోడ్లకీ పాకాయి. 2012లో మన దేశంలో ఆరు నగరాలతో మొదలైనప్పుడు వాటిలో హైదరాబాద్ ఉంది. ఇప్పుడు పంజాగుట్ట దగ్గర గీత ఎర్రబడిందంటే అక్కడ ఇరుక్కున్నవాళ్ల ఫోన్లు మెల్లగా కదులుతున్నాయని అర్థం. ఆ గీతకి రంగు మనమే వేస్తున్నాం. అందుకయ్యే ఖర్చూ మనదే: మన ఫోను, మన డేటా, మన బ్యాటరీ.

దీనివల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. 2023లో గూగుల్ ప్రకటించిన ‘గ్రీన్ లైట్’ ప్రాజెక్టునే చూడండి. ఏ సిగ్నల్ దగ్గర బళ్లు అనవసరంగా ఆగుతున్నాయో ఫోన్ల కదలికల నుంచి కనిపెట్టి, టైమింగ్ ఎంత మార్చాలో నగర అధికారులకి సూచిస్తుంది. రోడ్డు మీద కొత్తగా ఏదీ బిగించక్కర్లేదు. అప్పటికి అది నడుస్తున్న 12 నగరాల్లో హైదరాబాద్, బెంగళూరు, కోల్‌కతా ఉన్నాయి.

మరి చిక్కెక్కడ? 2020 ఫిబ్రవరిలో సైమన్ వెకర్ట్ అనే జర్మన్ కళాకారుడు దాన్ని కళ్లకి కట్టాడు. ఒక చిన్న తోపుడుబండిలో 99 ఫోన్లు వేసుకుని బెర్లిన్ వీధుల్లో నడిచాడు. ఖాళీ రోడ్డు మ్యాప్‌లో ఎర్రబడింది. ఇది మన రోడ్లకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఆర్టీసీ బస్సులో 50 ఫోన్లుంటాయి, బండి మాత్రం ఒక్కటే. జామ్‌లో ఇరుక్కున్న కారు కదలదు, దాని పక్క సందులోంచి బైకు మీది ఫోను సాగిపోతూనే ఉంటుంది. ద్విచక్రవాహనాలకి వేరే దారీ వేరే సమయమూ చూపే సదుపాయాన్ని గూగుల్ 2017లో మొట్టమొదట మన దేశంలోనే పెట్టింది ఇందుకే.

అసలు విషయం ఇంకా లోతుగా ఉంది. ఫోన్లు వేగం చెబుతాయి, లెక్క చెప్పవు. 1930లలోనే ఒహాయోలో బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ అనే ఇంజినీరు మూవీ కెమెరాతో రోడ్డుని ఫొటోలు తీసి, బళ్ల వేగానికీ రద్దీకీ మధ్య ఒక సంబంధం గీశాడు. ఒకే రోడ్డు మీదుగా గంటకి అన్నే బళ్లు రెండు రకాలుగా వెళ్లొచ్చు. తక్కువ బళ్లు వేగంగా పోయినా అంతే, ఎక్కువ బళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని పాకినా అంతే. వేగం ఒక్కటే తెలిస్తే ఆ ఎర్రగీత వెనక వెయ్యి బళ్లున్నాయా, ఒక పెద్ద గుంటా పది బళ్లూ ఉన్నాయా అన్నది తేలదు. ఒకదానికి ఫ్లైఓవర్ గురించి ఆలోచించాలి. రెండోదానికి ఓ తట్ట కంకర, ఓ డబ్బా తారు చాలు.

ఇంకా ముఖ్యమైనది, నడిచేవాళ్లు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. అందులో 32,825 మంది పాదచారులు. దాదాపు అయిదుగురిలో ఒకరు. డివైడర్ దాటడానికి చంకలో బిడ్డతో నిలబడ్డ తల్లి, సైకిలు మీద ట్యూషన్‌కి వెళ్లే పిల్ల, తోపుడుబండి మీద అరటిపళ్లమ్మే ముసలాయన... ట్రాఫిక్ మ్యాప్ గీసే రంగుల్లో వీళ్లెవరూ లేరు. రోడ్డు పచ్చగా ఉందంటే కార్లకి హాయిగా ఉందని. దాటేవాళ్లకి అదే ఎక్కువ ప్రమాదం.

కిటికీలో కెమెరా

లెక్క కావాలంటే చూడాలి. చూడడమంటే కెమెరా. కెమెరా అనగానే కంట్రోల్ రూము, గోడంత తెరలు, కోట్ల టెండర్లు గుర్తొస్తాయి. అక్కర్లేదని బెల్జియంలోని లూవెన్ అనే చిన్న నగరం చూపించింది. అక్కడి రవాణా పరిశోధకులు ‘టెల్‌రామ్’ అనే పరికరం తయారుచేశారు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరు, దానికో చిన్న కెమెరా. 2012లో ఆ కంప్యూటరు మార్కెట్లోకి వచ్చింది 35 డాలర్లకి. వీధివైపు ఉన్న మేడమీది కిటికీ అద్దానికి దీన్ని అతికించి ప్లగ్ పెడితే చాలు. కింద వెళ్లే కార్లు, లారీలు, సైకిళ్లు, నడిచేవాళ్లు, నాలుగు రకాల్నీ విడివిడిగా లెక్కబెట్టి, ఆ అంకెల్ని మాత్రమే పంపుతుంది. బొమ్మ ఆ పెట్టె దాటి బయటికి పోదు. అంకెలు అందరూ చూసే మ్యాప్ మీద ఉంటాయి. 2019 చివర్లో మొదలైన యూరోపియన్ యూనియన్ ప్రాజెక్టు సాయంతో డబ్లిన్, కార్డిఫ్, మాడ్రిడ్, లుబ్లియానా లాంటి నగరాల్లోనూ జనం తమ కిటికీల్లో వీటిని పెట్టుకున్నారు.

అందులో లోపాలున్నాయి. మొదటి రకం పరికరానికి పగటి వెలుతురు కావాలి, చీకటి పడితే పనిచేయదు. కిటికీకి చెట్టుకొమ్మ అడ్డొస్తే లెక్క పాడవుతుంది. అయినా ‘మా వీధిలో బళ్లు పెరిగిపోయాయండీ’ అని మొరపెట్టుకునే మనిషి చేతికి మొదటిసారి ఒక పట్టిక వచ్చింది. అధికారితో మాట్లాడేటప్పుడు ఆ పట్టికకి ఉన్న బలం వేరు.

ఖర్చు విషయంలో ఈ పద్ధతి కిటుకు ఎక్కడుందో చూడండి. సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున వీడియో పంపే కెమెరా రోజుకి 21 జీబీకి పైగా పంపుతుంది. అలాంటివి వంద ఉంటే కేబుళ్లు, సర్వర్లు, హార్డ్ డిస్కులు, వాటికి ఏసీ గది. అదే లెక్క అక్కడే కట్టేసి, నిమిషానికి వంద అక్షరాల చొప్పున అంకెలు మాత్రం పంపితే రోజంతా కలిపి లక్షా నలభై వేల అక్షరాలు. వాట్సాప్‌లో పంపుకునే ఒక ఫొటోపాటి. మామూలు సిమ్ కార్డు సరిపోతుంది. పైగా పంపనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు. ఖర్చు తగ్గించే మార్గమూ, మనుషుల ఆనుపానులు కాపాడే మార్గమూ ఇక్కడ ఒకటే అయ్యాయి. ఇలాంటి సందర్భాలు టెక్నాలజీలో తరచూ రావు. వచ్చినప్పుడు వదులుకోకూడదు.

మన వీధుల్లో ఆ యంత్రానికి కళ్లు సరిపోతాయా అన్న అనుమానం సహజమే. యూరప్ వీధుల బొమ్మలతో నేర్చుకున్న యంత్రానికి ఆటో అంటే ఏమిటో తెలియదు. ఆ కొరత తీర్చింది హైదరాబాదే. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్లు హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో 182 ప్రయాణాల్లో తీసిన వీడియోల నుంచి 10 వేలకి పైగా చిత్రాలు ఎంచి, ప్రతి చిత్రంలో ఏది ఆటో, ఏది జంతువు, ఏది మట్టి బాట అని 34 రకాలుగా గుర్తులు పెట్టి పరిశోధకులకి అందుబాటులో ఉంచారు. వస్తువుల్ని గుర్తించే ‘యోలో’ లాంటి ప్రోగ్రాములు పదేళ్ల కిందటి నుంచీ ఉచితంగానే దొరుకుతున్నాయి. కళ్లూ ఉన్నాయి, వాటికి మన వీధులు నేర్పే పాఠమూ ఉంది. ఎండ, దుమ్ము, కరెంటు కోత తట్టుకునే డబ్బా ఒకటి కావాలి. అది మన పాలిటెక్నిక్ విద్యార్థులు చేయలేని పనేమీ కాదు.

ఉన్నది వాడుకుంటే

కొత్తవి సరే. ఇప్పటికే డబ్బు పెట్టి కొన్నవాటి సంగతేమిటి? 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. పంతంగిలో పదింటికి దాటిన బళ్లు కొర్లపహాడ్ ఎన్నింటికి చేరాయి, అక్కణ్నుంచి చిల్లకల్లు ఎన్నింటికి చేరాయి అన్నది చూస్తే విజయవాడ రహదారి పరిస్థితి తెలిసిపోతుంది. బండి నంబరు తీసేసి, సగటు సమయం మాత్రం ఇస్తే చాలు. ఆర్టీసీ బస్సుల్లో జీపీఎస్ ఉంది. తెలంగాణ ఆర్టీసీ 2023లో ‘గమ్యం’ యాప్ తెచ్చింది కూడా. స్టాపుల్లో ఆగిన సమయం తీసేస్తే ప్రతి బస్సూ రోడ్డు వేగాన్ని కొలుస్తూ తిరిగే పరికరమే. యాప్‌లో ఒక్కో బస్సు జాడ చూసుకోవడం ప్రయాణికుడికి సరిపోతుంది, ఊరి రోడ్లని చదవాలనుకునే విద్యార్థికి చాలదు. ఢిల్లీ 2018 నుంచి బస్సుల జాడల్ని ఎవరైనా వాడుకునేలా తెరిచి పెట్టింది. ఫిలిప్పీన్స్‌లో 2016లో ప్రపంచ బ్యాంకు, గ్రాబ్ ట్యాక్సీ కంపెనీ కలిసి డ్రైవర్ల ఫోన్ల నుంచి వచ్చే జాడల్ని, ఎవరివో తెలియకుండా చేసి, రోడ్డు వేగాలుగా మార్చి అక్కడి ప్రభుత్వానికి ఉచితంగా అందించాయి. అంతకు ముందు ఆ వేగాల కోసం మనుషులు కార్లలో తిరిగి రాసుకోవాల్సి వచ్చేది.

భూమిలో ఉన్న ఆప్టికల్ ఫైబర్ మీద బండి వెళ్తే కలిగే అతి చిన్న కంపనాన్ని కాంతితో చదివే పద్ధతి కూడా వచ్చింది. ఒక పెట్టెతో పదుల కిలోమీటర్లు. తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల వెంటే ఫైబర్ పూడ్చారు కాబట్టి ఆశ ఉంది. ఆంధ్రలో ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాల మీద వేలాడుతున్నాయి కాబట్టి అక్కడ కుదరదు. ఆ చదివే పెట్టె ఇంకా ఖరీదైనదే. దాని సంగతి తర్వాత చూడొచ్చు.

2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్ లాంటివి మహానగరానికి ఉంటాయి. నల్గొండకి, ఏలూరుకి, ప్రొద్దుటూరుకి ఉండవు, ఉండనక్కర్లేదు కూడా. కానీ ఈ ఊళ్లలోనే రోడ్డుకి సంబంధించిన పెద్ద నిర్ణయాలు లెక్కలేకుండా జరిగిపోతాయి. బజారు వీధిని వన్‌వే చేస్తారు, దుకాణదారులు వ్యాపారం పోయిందంటారు, నెల తిరక్కుండా ఎత్తేస్తారు. పెట్టకముందు ఎన్ని బళ్లు, ఎంతమంది మనుషులు వచ్చారు, పెట్టాక ఎంతమంది వచ్చారు అన్నది ఎవరి దగ్గరా ఉండదు. గొంతు పెద్దవాళ్ల మాట చెల్లుతుంది. మేడ మీది రెండు కిటికీల్లో రెండు పెట్టెలు ఉండి ఉంటే ఆ గొడవ అంకెలతో తేలేది.

ఫోన్ల నుంచి వచ్చే సమాచారం చౌకే, నిజం. కానీ తెర మీద చూడ్డం వరకే చౌక. దాన్ని పోగేసి, దాచుకుని, నిరుడు ఇదే నెలతో పోల్చి చూసుకోవాలంటే కంపెనీ షరతులకీ ధరలకీ తలొగ్గాలి. మన కదలికలతో తయారైన సమాచారం మన మున్సిపాలిటీ చేతిలో లేకపోవడం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను. వేగం కంపెనీ నుంచి తీసుకుందాం. లెక్క మాత్రం ఊరే కట్టుకోవాలి. అది ఊరి ఆస్తిగా ఉండాలి. ఆ లెక్కకి నంబర్‌ప్లేటు అక్కర్లేదు, ముఖం అక్కర్లేదు. చలానా వేసే కెమెరా వేరు, లెక్కపెట్టే కెమెరా వేరు. రెండోదాన్ని మొదటిదానిగా మార్చే వీలు పరికరంలోనే లేకుండా చేస్తేనే జనం తమ కిటికీలు ఇస్తారు.

కూడళ్ల దగ్గర కెమెరాలకో, సిగ్నళ్లకో టెండరు పిలిచే ప్రతి మున్సిపాలిటీ ఈ ఏడాదే చేర్చదగ్గ షరతులివి. లెక్క పరికరంలోనే కట్టాలి, వీడియో బయటికి రాకూడదు. పావుగంటకోసారి అంకెలు ఎవరైనా దించుకునేలా ఉండాలి. కంపెనీ మారినా పాత అంకెలు మున్సిపాలిటీ దగ్గరే ఉండాలి. పాడైతే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారో రాసివ్వాలి, పాడైన రోజులు పట్టికలో పాడైనట్టే కనబడాలి. బళ్లతో పాటు సైకిళ్లనీ నడిచేవాళ్లనీ వేరువేరు గడుల్లో చూపాలి. మొదటి పరికరాలు పెద్ద సర్కిల్‌లో కాకుండా ప్రభుత్వ బడుల ముందు పెట్టాలి. పొద్దున్న ఎనిమిదిన్నరకీ, సాయంత్రం నాలుగున్నరకీ అక్కడ ఎంతమంది పిల్లలు రోడ్డు దాటుతున్నారో ఇప్పటిదాకా ఏ పట్టికలోనూ లేదు. మొదట రాయాల్సిన అంకె అది.